కెప్టెన్ కూర్చుంటే పడవ పక్కకు పోయేది

1986లో, వర్షాలు తగ్గి పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగుతున్న రోజులు. నేనప్పుడు మజ్‌గావ్‌లో డాక్‌యార్డ్ గోడ వెనక ఉన్న ఒక చిన్న మెరైన్ ఎలక్ట్రికల్ వర్క్‌షాపులో పని చేసేవాణ్ణి. మెరైన్ ఎలక్ట్రికల్ అంటే పెద్ద విద్యేమీ కాదు. పడవల్లో, లాంచీల్లో ఉండే దీపాలు, బ్యాటరీలు, హారన్లు, వైర్‌లెస్ సెట్లు బాగుచేయడం. ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టిన ప్రతి తీగా మా బల్ల మీదికే వచ్చేది. కామాటిపుర పదకొండో గల్లీలోని మా చాల్, అంటే వరసగదుల అద్దె ఇంటి నుంచి రోజూ నడిచే వెళ్ళేవాణ్ణి. మా తాత పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి వచ్చాడు, మా నాయన తాపీ పట్టాడు. మా చాల్ మొత్తంలో పడవల పని చేసేది నేనొక్కణ్ణే. నాకు ఈత రాదు.

వర్క్‌షాపు యజమానిని ఉస్తాద్ అని పిలిచేవాణ్ణి. రత్నగిరి వైపు మనిషి. పని బాగా తెలుసు, మాటలు తక్కువ, పొట్ట మాత్రం చాలా పెద్దది. నేను చెప్పబోయే పని నాకు దక్కింది ఆ పొట్ట వల్లనే.

ఒకరోజు ఉదయం తెల్లటి హాఫ్ షర్టు వేసుకున్న పెద్దాయన ఒకరు షాపులోకి వచ్చి ఉస్తాద్‌తో హిందీలో మాట్లాడుతున్నారు. నేను వెనక బల్ల దగ్గర వేలు కాల్చుకుని, సోల్డరింగ్ ఐరన్‌ని తెలుగులో తిట్టాను. ఆయన వెంటనే తిరిగి చూశారు.

"ఏవయ్యా, తెలుగోడివా?"

"అవ్ సారూ."

"ఏ ఊరు?"

"ఈ ఊరే సారూ. కామాటిపుర."

ఆయన ఒక్క క్షణం ఆగారు. సానికొంపలకు పేరుపడ్డ పేట కదా, ఆ పేరు చెప్పగానే ఎవరైనా అలా ఆగడం నాకు అలవాటే. కానీ ఆయన వెంటనే నవ్వి, "నాది కాకినాడ. నీ తిట్టు సగమే అర్థమైంది కానీ, వినడానికి బావుంది" అన్నారు.

ఆయన పేరు సూర్యారావు గారు. సరుకు ఓడల మీద ముప్పై ఏళ్ళకు పైగా పని చేసి కెప్టెన్‌గా రిటైరయ్యారు. భార్య మాణిక్యమ్మ గారితో మజ్‌గావ్‌లోనే ఉంటున్నారు. భావుచా ధక్కా రేవు దగ్గర ఆయనకు సొంతంగా ముప్పై అడుగుల టేకు పడవ ఒకటి ఉంది. ఆఖరి ప్రయాణంలో సింగపూర్ నుంచి ఒక ఆటోపైలట్ కొని తెచ్చుకున్నారు. దాన్ని ఆ పడవకు బిగించాలి.

ఆటోపైలట్ అంటే పడవను దానంతటదే ఒకే దిక్కున నడిపే యంత్రం. ఒక కంపాస్, అంటే దిక్సూచి, పడవ ముక్కు ఎటు ఉందో చెప్తుంది. ఒక మోటారు స్టీరింగ్ చక్రాన్ని తిప్పుతుంది. మధ్యలో ఒక పెట్టె ఎంత తిప్పాలో లెక్క కడుతుంది. ఇవి మూడూ పైన, చక్రం ఉండే గదిలో ఉంటాయి. నాలుగోది రడ్డర్ సెన్సర్. రడ్డర్ అంటే చుక్కాని. అది ఇప్పుడు ఎటు, ఎంత తిరిగి ఉందో పెట్టెకు ఎప్పటికప్పుడు చెప్పడం ఈ సెన్సర్ పని. అది లేకపోతే, నీళ్ళ కింద ఉన్న చుక్కాని సంగతి పెట్టెకు తెలియదు. ఉస్తాద్ పైన ఉండే మూడూ తానే బిగించాడు. సెన్సర్ బిగించాల్సిన చోటికి వంగి, లోపలికి తొంగి చూసి, తన పొట్ట వైపు చూసుకుని, తర్వాత నా వైపు చూశాడు.

"నర్సింగ్, నువ్వు దూరతావు" అన్నాడు హిందీలో.

ఆ చోటు పడవ వెనక డెక్కు కింద ఉంది. దాన్ని లాజరెట్ అంటారు. చుక్కాని ఇరుసు పైకి వచ్చే చిన్న గది. గది అనడం ఎక్కువే. పైన ఒక చదరపు మూత, మనిషి భుజాలు ఏటవాలుగా పెడితేనే దిగే వెడల్పు. లోపల ఎడమ పక్క డీజిల్ ట్యాంకు, కుడి పక్క తాడు చుట్టిన పొగగొట్టం, అడుగున నల్లటి నీళ్ళు. తల ముందు పెట్టి, పడవ వెనకవైపు ముఖం చేసి, ఒక చెయ్యి ముందుకు చాపి పాకాలి. రెండో చెయ్యి తొడ పక్కనే ఇరుక్కుని ఉండిపోతుంది. టార్చి నోట్లో.

సెన్సర్ చూడడానికి చిన్న టిఫిన్ డబ్బాలా ఉంటుంది. పైన ఒక ఇనుప చెయ్యి. చుక్కాని ఇరుసుకు కూడా ఒక చెయ్యి ఉంటుంది. ఈ రెండు చేతుల్నీ ఒక కడ్డీతో కలపాలి. రెండూ ఎప్పుడూ సమాంతరంగా కదలాలి. పుస్తకంలోని బొమ్మలో సెన్సర్‌ని నేల మీద నిలబెట్టి చూపించారు. ఇక్కడ నేల నీళ్ళలో ఉంది. అందుకని పైన డెక్కు దూలానికి తలకిందులుగా వేలాడదీశాను. కరెంటు డ్రిల్లు పట్టదు. గిర్మిట్‌తో, అంటే చేత్తో తిప్పే బెజ్జం సాధనంతో, పావు చుట్టు తిప్పి, వెనక్కి తెచ్చి, మళ్ళీ పావు చుట్టు. నాలుగు స్క్రూలకు రెండు రోజులు పట్టింది. మోచేతుల తోలు లేచిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం నేను పైకి వచ్చి ఊపిరి తీసుకుంటుంటే మాణిక్యమ్మ గారు మజ్జిగ గ్లాసు ఇచ్చారు. సన్నటి మనిషి, కళ్ళజోడు, మాట నెమ్మది.

"నీకో సంగతి చెప్పనా బాబూ. ఈ పడవ అమ్మేయండీ అని నేను ఆర్నెల్ల నుంచి పోరుతున్నాను. ఆయనకి అరవై మూడు. అలీబాగ్ నుంచి కొనేవాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు. ఈ మిషను పెడితే ఇక చక్రం పట్టుకునే పనే ఉండదంటారు ఈయన. సరే, దీపావళి లోపల అది సరిగ్గా నడిస్తే ఉంచుకుందాం, లేకపోతే అమ్మేద్దాం అనుకున్నాం. నువ్వు కంగారు పడకు. నడవకపోయినా నిన్నేమీ అనను."

నాకు నిజంగానే కంగారు పుట్టింది. అది నేను ఒంటరిగా చేసిన మొదటి పెద్ద పని. అది నడిస్తే ఆమె ఓడిపోతారు, నడవకపోతే ఆయన. నేను ఎవరి వైపు పని చేస్తున్నానో నాకే తెలియలేదు.

మర్నాడు పరీక్ష. కెప్టెన్ గారు చక్రం దగ్గర, నేను లాజరెట్‌లో. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి మాణిక్యమ్మ గారు మధ్యలో డెక్కు మీద కూర్చుని కేకలు అందించారు.

"పోర్ట్ అంటున్నారు!"

"అంటే ఏంది అమ్మా?"

"ఎడమ!"

"ఎవరి ఎడమ అమ్మా? నాదా, సారుదా?"

తర్వాత పైనుంచి, "నేను మీ ఇద్దరికీ అడ్డంగా కూర్చున్నానయ్యా, నా ఎడమ అయితే సముద్రం వైపు!" అని వినిపించింది.

నవ్వొచ్చే మాటే కానీ నాకు అప్పుడు నవ్వే తీరిక లేదు. చుక్కాని ఆకు ఎడమకు పోతే దాని ఇరుసు మీది చెయ్యి కుడికి పోతుంది. నేను వెనకవైపు ముఖం పెట్టి పడుకున్నాను కాబట్టి ఆ కుడి నాకు ఎడమ. సెన్సర్ తలకిందులుగా ఉంది కాబట్టి దానికి అది మళ్ళీ తిరగబడుతుంది. చదువుతున్న మీకు తికమకగా ఉంటే, నోట్లో టార్చి పెట్టుకున్న నా సంగతి ఊహించుకోండి. దానికి తోడు మా భాష ఒకటి. మా తాత ఎద్దుల లెక్కన ఎడమను దాపల అనేవాడు. ఉస్తాద్ హిందీలో దాయా అంటే కుడి. పక్కింటి మరాఠీ వాళ్ళ డావా అంటే మళ్ళీ ఎడమ. ఆ మూడూ నా బుర్రలో ఒకేలా మోగేవి. ఏ చెయ్యి ఏదో తేల్చుకోవడానికి అన్నం తినే చెయ్యి ఏదో గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చేది, ఆ చెయ్యేమో తొడ పక్కన ఇరుక్కుని ఉంది.

చివరికి సెన్సర్ తీగల్లో ఎర్రదాన్నీ పచ్చదాన్నీ ఒకదాని చోట ఒకటి మార్చాను. అలా మారిస్తే అది చెప్పే కుడి, ఎడమలు తారుమారవుతాయి. పైకి వచ్చి చూస్తే పెట్టె మీద చుక్కాని ఎటుందో చూపే ముల్లు చక్రంతో పాటే, అదే వైపు కదులుతోంది. కెప్టెన్ గారు నా వీపు తట్టారు. ఎడమ చేత్తో.

మరుసటి రోజు సముద్రంలోకి వెళ్ళాం. మేం ముగ్గురమే. ధక్కా దాటి, లంగరు వేసిన ఓడల మధ్యనుంచి ఎలిఫెంటా వైపు. కెప్టెన్ గారు తన కుర్చీలో వెనక్కి ఆనుకుని మీట నొక్కారు. చక్రం దానంతటదే చిన్న చిన్నగా అటూ ఇటూ కదులుతూ పడవను గీత గీసినట్టు తీసుకుపోయింది. పది నిమిషాలు. నేను బిగించిన డబ్బా వెనక చీకట్లో వేలాడుతూ పని చేస్తోందన్న ఆలోచనకే నాకు ఒళ్ళు పులకరించింది.

అప్పుడు కెప్టెన్ గారు టీ ఫ్లాస్కు అందుకోవడానికి కుర్చీలో పక్కకు వంగారు. పడవ ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. ఎదురుగా లంగరు వేసిన ఒక సరుకు ఓడ, తుప్పు రంగు గోడలా, దాని గొలుసు నీళ్ళలోకి దిగి ఉంది.

కెప్టెన్ గారు ఎర్ర మీట నొక్కి మోటారు ఆపారు. ఇక చేత్తో తిప్పడమే. కానీ ఆయన తిప్పలేదు. ఎడమ చెయ్యి చక్రం మీద పెట్టి, నా వైపు తిరిగి, "తిప్పు! నువ్వు తిప్పు! కుడికి, మొత్తం!" అని అరిచారు.

నేను ఎప్పుడూ చక్రం పట్టిన వాణ్ణి కాను. రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగినట్టు తిప్పాను. గొలుసు మా పక్కనుంచి, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా పోయింది. వెనక డెక్కు మీద మాణిక్యమ్మ గారు స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె అరవలేదు. భర్త వైపే చూస్తున్నారు.

అంత అనుభవం ఉన్న మనిషి ఎందుకు తిప్పలేదు? నన్ను పరీక్షించారా? భయంతో చెయ్యి ఆడలేదా? నాకు అర్థం కాలేదు. ఆ ప్రశ్న అడిగే ధైర్యమూ లేకపోయింది. ఎందుకంటే తప్పు నా సెన్సర్‌దేనని నాకు గట్టి నమ్మకం.

ఉస్తాద్‌కి చెప్తే, "ఉల్టా ఉంటే సీదా చెయ్" అన్నాడు, అంతే. మళ్ళీ దూరాను. తీగలు మళ్ళీ మార్చాను. ఈసారి ముల్లు చక్రానికి ఎదురు తిరిగింది. మళ్ళీ మొదటిలాగే పెట్టాను. కడ్డీ పొడవు ఒక అంగుళం తగ్గించాను, పెంచాను. స్క్రూలు బిగించాను. ఏ మార్పు తర్వాత ఏమైందో రాసుకోవాలన్న తెలివి నాకు అప్పుడు లేదు. మూడు రోజులు గడిచేసరికి మొదట కడ్డీ ఎంత పొడవుందో కూడా గుర్తు లేదు.

ఆదివారం ఇంట్లో మా ఆవిడ పద్మ గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతోంది. నేను నేల మీద పళ్ళెం బోర్లించి, చపాతీల కర్రను చుక్కాని అనుకుని, దువ్వెనను సెన్సర్ అనుకుని, అటూ ఇటూ తిప్పుతున్నాను. ఒకసారి నేను పళ్ళెం ఇటువైపు కూర్చుని తిప్పాను, ఒకసారి అటువైపు వెళ్ళి కూర్చున్నాను.

"పిచ్చి లేసిందా?" అంది పద్మ.

"పడవ పక్కకు పోతున్నది. ఎందుకో సమజ్ అయితలేదు."

"నీకు సమజ్ కాకుంటే ఉస్తాద్‌ను అడుగు."

"ఉస్తాద్‌కు కూడా సమజ్ కాలే. నాదే గల్తీ అంటున్నడు."

"అయితే నీదే ఉంటది" అని ఆకు కత్తిరించింది. కాసేపాగి, "చపాతీల కర్ర ఇయ్యి, వంట చెయ్యాలె" అంది.

రెండోసారి సముద్రంలోకి వెళ్ళినప్పుడు నా బుర్ర ఇంకా పాడయింది. ఆ రోజు కెప్టెన్ గారు బయట డెక్కు మీద మాణిక్యమ్మ గారి పక్కన నిలబడ్డారు, చక్రం గదిలో నేనొక్కణ్ణే. పడవ గంటసేపు తిన్నగా పోయింది. ఓ పక్కనుంచి గాలి కొడుతున్నా వంకర లేదు. నేను గట్టిగా, "సారూ, బరోబర్ పోతున్నది!" అని కేక వేశాను. ఆయన సంతోషంగా లోపలికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. రెండు నిమిషాల్లో పడవ ఎడమకు తిరిగింది. ఆయన చిరాకుగా లేచి బయటికి వెళ్ళారు. పడవ మెల్లగా తన దారికి వచ్చింది.

పడవకు ఆయనంటే గిట్టదా? ఆయన బరువుకు నేల వంగి ఏదైనా తీగ నలుగుతోందా? నేల పలకలు ఎత్తి చూశాను. తీగలు బాగానే ఉన్నాయి. నేను ఆ కుర్చీలో కూర్చుని చూశాను. పడవ తిన్నగానే పోయింది. మాణిక్యమ్మ గారిని కూర్చోబెట్టి చూశాను. తిన్నగానే పోయింది. దయ్యాల సంగతి నమ్మేవాణ్ణి కాదు కానీ ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో ఉన్న గుడి ముందు చెప్పులు విడిచి ఒక్క నిమిషం నిలబడ్డాను.

"ఇంక నాలుగు రోజులే ఉంది దీపావళికి" అన్నారు మాణిక్యమ్మ గారు మర్నాడు. గెలిచిన గొంతు కాదు అది. దిగులుగానే అన్నారు. "అలీబాగ్ వాళ్ళకి కబురు పెట్టమంటారా?" అని భర్తని అడిగారు. కెప్టెన్ గారు సముద్రం వైపు చూశారు. ఆమె పచారీ సరుకులకని ఒడ్డుకు దిగి వెళ్ళిపోయారు.

నేను ఆఖరిసారి అనుకుని లాజరెట్‌లోకి దూరాను. చూడడానికి కొత్తగా ఏమీ లేదు. సెన్సర్ మూత తెరిచాను, మూశాను. పైకి రావడానికి వెనక్కి పాకుతూ, చిన్న స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి మూతలోంచి బయటికి చాపాను. కెప్టెన్ గారు నన్ను పైకి లాగడానికి వంగారు. స్క్రూడ్రైవర్ నా వేళ్ళలోంచి జారి, టక్కున ఆయన కుడి భుజానికి అతుక్కుంది.

కింద పడలేదు. తెల్లటి చొక్కా మీద, భుజం దగ్గర, అడ్డంగా నిలబడిపోయింది.

ఇద్దరం దాని వైపే చూశాం. నేను సగం లోపల, సగం బయట. ఆయన ఎడమ చేత్తో దాన్ని మెల్లగా పీకి నా చేతిలో పెట్టారు. తర్వాత మూత పక్కన డెక్కు మీద కూలబడి, చొక్కా పై గుండీలు రెండు విప్పి చూపించారు. భుజం మీదుగా ఛాతీ చుట్టూ ఒక గుడ్డ పట్టీ. దానిలో వరసగా రూపాయి బిళ్ళలంత అయస్కాంతాలు కుట్టి ఉన్నాయి.

"గిర్గావ్‌లో ఒకాయన ఇచ్చాడు" అన్నారు. "నొప్పి లాగేస్తుందన్నాడు. ఏడాది నుంచి ఈ భుజం పైకి లేవడం లేదు. అన్నం కూడా కష్టం మీద తింటున్నాను."

నాకు అప్పుడు తలలో ఒక్కొక్కటీ కుదురుకుంటూ వచ్చింది. కంపాస్ ఎక్కడ బిగించాలో ఉస్తాద్‌కి ఆయనే చూపించారు. తన కుర్చీ వెనక గోడకు, అడ్డం రాకుండా. కుర్చీలో కదిలితే చాలు, భుజం మీది అయస్కాంతాలు కంపాస్‌ను తమ వైపు లాగేవి. పడవ ముక్కు పక్కకు పోయిందని కంపాస్ అబద్ధం చెప్పేది, యంత్రం ఆ అబద్ధాన్ని నమ్మి చుక్కాని తిప్పేది. ఆ చుక్కాని ఎంత తిరిగిందో నా సెన్సర్ తు.చ. తప్పకుండా చెప్తూనే ఉంది. నేను మాత్రం వారం రోజులు దాన్నే తిడుతూ కూర్చున్నాను. గొలుసు దగ్గర ఆయన చక్రం ఎందుకు తిప్పలేదో కూడా తెలిసింది. తిప్పలేరు.

"సారూ, అమ్మగారికి తెలుసా?"

"తెలిస్తే పడవ ఎప్పుడో పోయేది. ఇంట్లో ఇటువైపు తిరిగి పడుకుంటాను, చొక్కా నేనే తొడుక్కుంటాను. నలభై ఏళ్ళు నీళ్ళ మీద ఉన్నానయ్యా. ఒడ్డున కూర్చుంటే నాకు రోజు గడవదు." ఎడమ చేత్తోనే గుండీలు పెట్టుకున్నారు. "మాణిక్యానికి చెప్పకు."

నేను చెప్పనని అనలేదు, చెప్తానని కూడా అనలేదు. "కంపాస్ జాగ మారుస్త సారూ" అని మాత్రం అన్నాను.

ముందు క్యాబిన్‌లో, ఆయన కుర్చీకి ఏడెనిమిది అడుగుల దూరంలో, పడక కింద కంపాస్‌ని బిగించాను. తీగ అతికించడానికి సగం పూట పట్టింది. ఆ పని ఉస్తాద్‌కి చెప్పి చేశాను కానీ పట్టీ సంగతి చెప్పలేదు. "కుర్చీ దగ్గర ఇనుము ఎక్కువుంది ఉస్తాద్" అన్నాను. ఆయన ఒకసారి నా ముఖంలోకి చూసి, సరేనన్నట్టు తల ఊపాడు.

దీపావళికి రెండు రోజుల ముందు మూడోసారి బయలుదేరాం. కెప్టెన్ గారు తన కుర్చీలో కూర్చున్నారు. వంగారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు. పడవ చెక్కు చెదరలేదు. ఎలిఫెంటా దాటి, వెనక్కి తిరిగి, మళ్ళీ నగరం కనిపించేదాకా యంత్రమే నడిపింది.

మాణిక్యమ్మ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. మాటంటే మాటే. ఉంచుకుందాం" అన్నారు. కెప్టెన్ గారి ముఖం చిన్నపిల్లవాడిలా వెలిగిపోయింది.

నాకు మాత్రం ఆ గొలుసే కళ్ళ ముందు కదిలింది. యంత్రం ఏదో ఒకరోజు ఆగుతుంది. తీగ తెగుతుంది, బ్యాటరీ దిగిపోతుంది, అవి బాగుచేసే వాణ్ణి నాకు తెలియదా? ఆ రోజు పడవలో వీళ్ళిద్దరే ఉంటారు. చెప్తే ఆయనకు ఉన్న ఒక్క సంతోషం పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో! ఏది న్యాయమో నాకు తేలలేదు. నోరు తెరిచేటప్పటికి కూడా ఏం చెప్పబోతున్నానో నాకే తెలియదు.

"అమ్మా, ఒక మాట" అన్నాను. "ఈ మిషను పుస్తకంల ఒక రూలున్నది. ఇది పెట్టిన పడవల చక్రం తిప్పొచ్చినోళ్ళు ఇద్దరుండాలె. ఒక్కరుంటే నడపొద్దు."

కెప్టెన్ గారు నా వైపు చూశారు. ఆ పుస్తకం ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివారు. అందులో అలాంటి రూలు లేదని మా ఇద్దరికీ తెలుసు. పైగా నేను ఆ ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలు తప్ప చూసింది లేదు. తర్వాత చక్రం వైపు చూశారు.

"ఉంది మాణిక్యం" అన్నారు చివరికి. "నీకు చెప్పడం మర్చిపోయాను."

ఆమె ఆయన ముఖంలోకీ నా ముఖంలోకీ చూశారు. "రెండోవాళ్ళని ఎక్కణ్ణుంచి తెస్తాం? మనం ఇద్దరమేగా" అన్నారు. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎత్తి నడుముకు దోపి, కుర్చీ దగ్గరికి వచ్చారు. "లేవండి. చూపించండి."

ఎర్ర మీట నొక్కాం. ఆమె రెండు చేతులతో చక్రం పట్టుకుని తిప్పేసరికి పడవ ఒక్కసారిగా ఒరిగింది, ఫ్లాస్కు దొర్లిపోయింది. "మెల్లగా, మెల్లగా. అది ఆలస్యంగా వింటుంది. తిప్పి ఆగు" అంటూ కెప్టెన్ గారు ఆమె వెనక నిలబడి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండడం నేను అదే మొదటిసారి వినడం. మా వెనక నీళ్ళ మీద పడవ జాడ పాములా వంకర్లు తిరిగి ఉంది. ధక్కా చేరేసరికి ఆ వంకర్లు కొంచెం తగ్గాయి.

మరుసటి ఏడాది వానలకు ముందు మాణిక్యమ్మ గారు ఒక్కరే మా షాపుకు వచ్చారు. పడవకు రంగు వేయిస్తున్నారట, సెన్సర్ ఒకసారి చూడమన్నారు. వెళ్ళబోతూ సంచీలోంచి ఆటోపైలట్ పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ రూలు ఏ పేజీలో ఉంది బాబూ? నేను రెండుసార్లు చదివాను. నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు."

నేను బల్ల మీది తీగముక్కలు సర్దడం మొదలుపెట్టాను.

ఆమె పుస్తకం తిరిగి సంచీలో పెట్టుకున్నారు. "లేదని ఆయనకు మాత్రం చెప్పకు" అన్నారు. "మొన్న మురుడ్ దాకా వెళ్ళొచ్చాం. సగం దూరం నేనే." చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. పట్టీ సంగతి ఆమెకు ఎంతవరకు తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు.

తెలియనిది ఇంకొకటి ఉంది. మొదటిరోజు నేను పెట్టిన కడ్డీ పొడవు తప్పా, ఒప్పా? అన్నిసార్లు మార్చాక చెప్పడం ఎవరి తరమూ కాదు. అప్పటినుంచి ఏ తీగ విప్పినా ముందు దానికి దారం కట్టి గుర్తు పెడుతున్నాను, చేసిన మార్పు గోడ మీదైనా రాసుకుంటున్నాను. ఇది పని నేర్పిన పాఠం, ఎవరికైనా నేర్పగలను.

రెండోది నేర్పడం కష్టం. యంత్రం మొరాయించిందని ఎవరైనా పిలిస్తే నేను ఇప్పటికీ ముందు నా తీగలనే అనుమానిస్తాను. కానీ పెట్టె తెరిచే ముందు, దాని దగ్గర కూర్చునే మనిషిని, "ఒంట్ల ఎట్లున్నది సారూ?" అని అడుగుతాను. చాలామంది, మిషను బాగుచేయడానికి వచ్చినవాడికి ఈ ప్రశ్న ఎందుకన్నట్టు చూస్తారు. కొందరు మాత్రం చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, చెప్తారు.